ట్యాంకు లీకేజీకి సైంటిస్టుల జవాబు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌ల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్తా, నవ్వొద్దు. సరే, నవ్వుండ్రి. ఆడ అందరు నవ్వనే నవ్విండ్రు.

నేను కాలేజీల జాగ్రఫీ చెప్త. కార్ఖానా ఏరియాల ఉన్న మా అపార్ట్‌మెంట్‌కు సెక్రటరీని సుత. నిరుడు ఒక పెద్ద ఇంటర్నేషనల్ సంస్థ క్లైమేట్ రిపోర్టు డ్రాఫ్టు పెట్టింది. ప్రపంచంల ఉన్న రీసెర్చంతా ఒక్కకాడ జమచేసి, సర్కార్లు పాలసీలు చేసుకోనీకి రాసే రిపోర్టు. తప్పులుంటే చెప్పమని బయటి ఎక్స్‌పర్ట్‌లను సుత అడుగుతరు. నేనూ ఎక్స్‌పర్ట్‌నే అని ఫారం నింపిన! వానల మీద కామెంట్లు ఎక్సెల్ షీట్‌ల రాసి పంపిన. ఇగ చర్చిల, మెట్రోల, ఎవరు దొరికితే వాళ్ళకు "ఆ రిపోర్టుల నా చెయ్యున్నది" అని ఒకటే సొంత డబ్బా.

మొన్న మీటింగ్‌ల మళ్ళ సెక్రటరీ ఎలక్షన్. మూడో అంతస్తు నూర్జహాన్ ఆంటీ నిలదీసింది. "డేవిడ్ బేటా, ట్యాంకు లీకై నా గోడ నానుతుందని రెండేండ్ల సంది చెప్తున్న. ఏం చేస్తున్నవ్?"

"జెర ఇంటర్నేషనల్ పనిల ఉంటి ఆంటీ" అని లాప్‌టాప్ తెరిచిన. ఆ సంస్థ ప్రతి కామెంటుకు జవాబిచ్చి, పేరుతో సహా వెబ్‌సైట్‌ల పెడ్తది. స్టైల్‌గ సెర్చ్‌ల నా పేరు కొట్టి, స్క్రీన్ ఆమె దిక్కు తిప్పిన. ముందుగాల నేను చూస్కోలే.

ఆంటీ ఇంగ్లీషు టీచర్‌గ రిటైరైంది. అద్దాలు పెట్టుకొని, అందరికి తెలుగుల చదివి వినిపించింది.

"కామెంటు: మూడో అంతస్తుల ట్యాంకు లీకేజీ. జవాబు: ధన్యవాదాలు. ఈ అధ్యాయం పరిధిలోకి రాదు."

వంగి స్క్రీన్ చూసిన. నేను పంపింది అపార్ట్‌మెంట్ కంప్లయింట్ల ఫైలు!

"కామెంటు: లిఫ్టుల కుక్క గలీజు చేస్తుంది. జవాబు: దయచేసి ప్రచురిత పరిశోధన ఏదైనా ఆధారంగా చూపండి."

అందరు కుర్చీలల్ల పడి పడి నవ్వవట్టిండ్రు. "మాఫ్ చెయ్యుండ్రి ఆంటీ, పొరపాటున ఫైలు..."

ఆంటీ ఒక్కతే నవ్వలే. "ఫైలు సంగతి పోనియ్ బేటా. రెండేండ్లల్ల నా కంప్లయింటుకు వచ్చిన జవాబు ఇదొక్కటే."

నిజమే. నా కంప్లయింట్ల షీట్‌ల 'జవాబు' కాలమ్ మొత్తం ఖాళీ. ఆడెక్కడో ఉన్న సైంటిస్టులు నింపిండ్రు.

ఎలక్షన్‌ల నిలబడలే. సోమవారం పొద్దుగాలనే ప్లంబర్‌ను తోల్కొచ్చి, పక్కన నిలబడి ట్యాంకు బాగుచేయించిన. ఆంటీ చానా ఖుష్ అయింది. థ్యాంక్స్ చెప్తూ మెయిల్ సుత పెట్టింది, ఆ సంస్థకు.