శుక్రవారం వార్డులో నేను చదివిన కాగితం

పోయిన నెల నరసాపురంలో నాకు శాలువా కప్పారు. గల్ఫ్‌కి పనికెళ్ళే ఆడాళ్ళ కాగితాలు ఇరవై ఏళ్ళుగా ఊరికే చదివి పెడుతున్నానని. మైకు పట్టుకున్నాయన, "ఈవిడ పరాయి దేశంలోనే మనవాళ్ళకి సేవ మొదలుపెట్టారండి, ఆ సేవే ఈవిణ్ణి ఇంతవారిని చేసింది" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను తల దించుకున్నాను. వినయం అనుకున్నారు. సిగ్గు అది. నలభై ఏడేళ్ళకి అక్షరాలు దిద్దినదాన్ని, రాత వంకరగా ఉంటే సర్దుకోండి.

మాది చేపలమ్ముకునే ఇల్లు. మా ఆయన పోయాక గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళాను. నాలుగేళ్ళకి అరబ్బీ గలగలా మాట్లాడేదాన్ని. శుక్రవారం సెలవు. మన తెలుగువాళ్ళు కొందరు అన్నం కట్టుకుని ఆస్పత్రిలో ఉన్న మనవాళ్ళని చూడ్డానికి వెళ్తుంటే నేనూ చేరాను. డాక్టరు మాట వీళ్ళకి తెలుగులో, వీళ్ళ బాధ డాక్టరుకి అరబ్బీలో చెప్పేదాన్ని. వార్డులో అడుగు పెడితే చాలు, "అక్కొచ్చింది, అక్కొచ్చింది" అనేవాళ్ళు. ఆ పిలుపు నా తలకెక్కింది. నాకు ఏ భాషలోనూ చదవడం రాదని ఎవరికీ చెప్పలేదు.

పాలకొల్లు దగ్గర పల్లెటూరి మనిషి ఒకావిడ ఆ వార్డులో ఉండేది. పని చేసే ఇంట్లో దెబ్బలు పడలేక పారిపోతూ మెట్ల మీద పడి కాలు విరగ్గొట్టుకుంది. "ఎక్కడికైనా పంపమను అక్కా, ఆ ఇంటికి మాత్రం వద్దు" అని నా చెయ్యి పట్టుకుంది. ఇంతలో ఆవిణ్ణి పనిలో పెట్టిన ఏజెంటు ఆఫీసు మనిషి ఒకతను అరబ్బీ కాగితం తెచ్చి, చదివి చెప్పి వేలిముద్ర వేయించమన్నాడు. చుట్టూ మనవాళ్ళు పదిమంది. "నువ్వే చదివి వినిపించు బాబూ" అంటే అతను చదివేవాడు. అనలేదు. కాగితం మీద వేలు పెట్టి వరసవరసా జరిపాను. "ఆస్పత్రి కాగితమేనే, వెయ్యి" అన్నాను. వేసింది.

పై శుక్రవారం వెళ్తే మంచం ఖాళీ. నా ఇష్టంతోనే ఆ ఇంటికి తిరిగి వెళ్తున్నాను అని ఆ కాగితంలో ఉందట. మనవాళ్ళు ఆఫీసువాళ్ళని తిట్టారు. నేనూ వాళ్ళతో కలిసి తిట్టాను.

ఊరికొచ్చాక, లేసు అల్లే ఆడాళ్ళ మధ్య పలక పెట్టుకుని కూర్చున్నాను. "ముసల్దానికి ఉద్యోగం వస్తుందంట" అని నవ్వారు. నవ్వనిచ్చాను. చదవడం వచ్చాక కాగితాలు చదివి పెట్టడం మొదలుపెట్టాను. అదీ నా సేవ కథ. కాలు విరిగినావిడ రెండేళ్ళు ఆ ఇంట్లోనే పడి ఉండి సొంతూరు తిరిగొచ్చిందని విన్నాను. బస్సెక్కితే గంట. ఇరవై ఏళ్ళు వెళ్ళలేదు.

శాలువా కప్పిన మర్నాడు వెళ్ళాను. కుంటుకుంటూ వచ్చి కుర్చీ వేసింది. జరిగింది చెప్పాను.

"నాకు తెలుసు" అంది. "మా మేడమ్ చదువుకోవడం రోజూ చూసేదాన్ని కదా. అరబ్బీ కుడి నుంచి ఎడమకి చదువుతారు. నీ వేలు ఎడమ నుంచి కుడికి పోయింది."

"మరి వేలిముద్ర ఎందుకేశావే?"

"అంతమందిలో నీ పరువు తీయనా?"

ఆవిడ లోపలికెళ్ళి ఒక కాగితం తెచ్చింది. "కోడలు గల్ఫ్‌కి వెళ్తానంటోంది. ఇది చదువు." కోడలు, పక్కింటి ఆడాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. తెలుగులో ఉన్నదంతా పైకి చదివాను. చదివినంతసేపూ ఆవిడ నా వేలే చూస్తోంది. చివర నాలుగు వరసలు ఇంగ్లీషు.

"ఇది నాకు రాదు. వచ్చినవాళ్ళ చేత చదివించేదాకా సంతకం పెట్టనివ్వకు" అన్నాను.

"ఆ మాట ఆ రోజే అంటే నీకేం పోయేది?" అంది.

ఏం పోయేది! అక్కా అనే పిలుపు పోయేది, అంతే. బస్సు దాకా కుంటుకుంటూ వచ్చి సాగనంపింది. మజ్జిగ సీసా కూడా చేతిలో పెట్టింది. వెళ్ళిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా నన్ను అక్కా అనలేదు.