ఏడో నంబరు బండికి యాభై

డిపోలో అందరూ ఆమెను ప్లగ్గులక్క అనేవారు. అసలు పేరుతో జీతాల రిజిస్టరుకి తప్ప ఎవరికీ పనిలేదు. ముప్పై రెండు కరెంటు బస్సులు, ముప్పై రెండు ప్లగ్గులు, రేకుల షెడ్డు కింద ఒక టేబులు, దానిమీద ఒక స్క్రీను, ఒక ఫోను. పదకొండేళ్లుగా ఆమె రాజ్యం అదే.

పొద్దుటి ట్రిప్పులు ముగించుకుని పదకొండింటికల్లా బస్సులు డిపోకి చేరతాయి. మళ్లీ నాలుగున్నరకి ఫ్యాక్టరీ షిఫ్టు కోసం బయల్దేరతాయి. ఈలోగా ఊరంతా తలుపులు మూసుకుని ఏసీలు వేసుకుంటుంది, కరెంటు లైన్లు తట్టుకోలేవు. అప్పుడు బస్సులే తమ బ్యాటరీల్లో మిగిలిన కరెంటును లైన్లకు తిరిగి ఇస్తాయి. ఏ బండి నుంచి ఎంత లాగాలో, సాయంత్రం ట్రిప్పుకి ఎంత మిగల్చాలో చూసుకునేది ప్లగ్గులక్క. బండికి ముప్పై శాతం మిగిలితే చాలని రూలు.

స్క్రీను మీద శాతాలు కనబడుతూనే ఉంటాయిగా, ఇందులో ఆమె గొప్పేముంది అంటారేమో. తిరకాసంతా అక్కడే ఉంది. ముసలి బ్యాటరీ కూడా మనలాంటిదే, లోపల ఏమీ లేకపోయినా పైకి బాగానే ఉన్నానంటుంది. ఏడో నంబరు బండి ముప్పై చూపిస్తే అందులో నిజంగా ఉండేది ఇరవై కూడా కాదు. ఆ సంగతి మూడుసార్లు కాగితం మీద రాసి మేనేజరుకి ఇచ్చింది. మూడుసార్లూ ఆయన "చూద్దాంలేమ్మా" అన్నాడు. చూడలేదు. ఇక చేసేదిలేక ఆ బండి నుంచి లాగడం యాభై దగ్గరే ఆపేసేది.

ఆ బండి నడిపేది ఆమె తమ్ముడు. దాంతో మిగతా డ్రైవర్ల నోళ్లకు పని దొరికింది.

"తమ్ముడి బండికి కడుపు నిండాలి, మా బండ్లు పస్తుండాలి. అంతేగా ప్లగ్గులక్కా?"

నవ్వేసి ఊరుకునేది గానీ మాట గుచ్చుకునేది. తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి సాకింది ఆమే. ఏ పనిలోనూ కుదురుగా నిలవనివాడు ఈ డ్రైవరు ఉద్యోగంలో ఆరేళ్లు నిలబడ్డాడు. యూనిఫాం తనే ఉతుక్కుని, తనే ఇస్త్రీ చేసుకునేవాడు. ఆ ఉద్యోగం పోతే వాడు మళ్లీ లేవడని ఆమెకు తెలుసు.

కరెంటు లైన్ల కంట్రోలు గది నుంచి ఫోను చేసే మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. గొంతు మాత్రం మహా మెత్తన. ఆ మెత్తదనమే కొంప ముంచింది. ఎండలు మండిపోతున్న ఒక రోజు, మూడున్నరకి ఫోను మోగింది.

"ఇంకొంచెం కావాలమ్మా."

"అన్నీ ముప్పైకి వచ్చేశాయండీ. ఇంక లేదు."

"ఏడో నంబరులో యాభై కనబడుతోంది కదా?"

"ఆ బండి అంకె నమ్మకూడదండీ."

"సరేనమ్మా. అయితే ఆస్పత్రి లైను ఆపాల్సి వస్తుంది. మీ ఇష్టం."

ఒక్క బస్సులో మిగిలిన కాస్త కరెంటుతో ఆస్పత్రి నిలబడుతుందా అని ఇప్పుడు తీరిగ్గా కూర్చుని మనం అడగొచ్చు. ఆ క్షణాన ఆమెకు మంచాలు కనబడ్డాయి, మంచాల మీద మనుషులు కనబడ్డారు. డ్రైవర్ల దెప్పిపొడుపులు కూడా చెవిలో మోగాయి. తమ్ముడి బండని దాచుకుంటున్నానా అనుకుంది. ముప్పై ఒకటి దాకా లాగేసింది.

తమ్ముడు బండెక్కుతుంటే ఎదురెళ్లింది.

"ఒరేయ్, ఇవాళ ఏసీ వేయకు."

"వేయకపోతే జనం నన్ను బతకనిస్తారా అక్కా?" అని నవ్వి వెళ్లిపోయాడు. ఎందుకు వేయకూడదో చెప్పడానికి ఆమెకు మొహం చెల్లలేదు.

జనం కేకలు వేశారు, అతను ఏసీ వేశాడు. ఫ్లైఓవరు ఎక్కుతుండగా సగంలో బండి ఆగిపోయింది. వెనక గంటసేపు హారన్లు. ఒకడు దిగి అతని కాలరు పట్టుకున్నాడు, ఇంకొకడు వీడియో తీశాడు. చీకటి పడేసరికి ఊరంతా ఆ వీడియో చూసింది.

విచారణ రెండు రోజుల్లో తేలిపోయింది. బయల్దేరినప్పుడు ముప్పై ఒకటి ఉంది, రూలు ముప్పై, ఏసీ వేసింది డ్రైవరు. అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

ఆమె మేనేజరు గదికి పరుగెత్తింది.

"తప్పు నాదండీ. యాభై ఉంచాల్సిన బండిని నేనే లాగేశాను. అలాగే రాయండి."

"ఏమని రాయను? నువ్వు రూలు ప్రకారమే చేశావు. రూలే తప్పని రాస్తే బ్యాటరీలన్నీ మార్చాలి. ఎవరు మారుస్తారమ్మా?"

"ఆస్పత్రి ఆగిపోతుందన్నారండీ, లేకపోతే..."

మేనేజరు జాలిగా నవ్వాడు. "ఆ మాట అన్ని డిపోలకీ చెప్తారు. ఆస్పత్రికి వేరే లైనుంది, జనరేటరుంది. అలా అనకపోతే ఎవరిస్తారు చెప్పు?"

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ ఫోను మోగింది, అదే మెత్తని గొంతు. ఆమె ఇచ్చింది. ఆ మర్నాడూ ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది?

తమ్ముడు నాలుగు చోట్ల పనికి వెళ్లాడు. నాలుగు చోట్లా వీడియోలో మనిషివి నువ్వే కదా అన్నారు. ఐదో చోటికి వెళ్లలేదు. గడ్డం పెరిగింది, మాట తగ్గింది, గోడవైపు తిరిగి పడుకోవడమే పనైపోయింది. నిజం చెప్పడానికి ఆమెకు రెండు నెలలు పట్టింది. ఒక ఆదివారం అతని మంచం పక్కన కూలబడి చెప్పేసింది.

"ఆ రోజు నీ బండిని తగ్గించింది నేనే రా."

అతను ఇటు తిరిగాడు. తిట్టమని ఆమె మనసులోనే వేడుకుంది.

"ఎందుకు తగ్గించావ్?"

"ఆస్పత్రి లైను ఆపేస్తామన్నారు."

అతను లేచి కూర్చున్నాడు.

"ముందే చెప్పొచ్చు కదక్కా! ఉద్యోగం ఊరికే పోయిందనుకుని చస్తున్నాను. అయితే అక్కడ ఎవరికీ ఏం కాలేదుగా?"

మేనేజరు చెప్పిన మాట గొంతు దాకా వచ్చింది. మింగేసింది.

"లేదురా. ఎవరికీ ఏం కాలేదు."

"పోనీలే" అన్నాడు. "ఆకలేస్తోంది, ఏదైనా పెట్టు."

ఆ పూట అతను రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాడు. ఆమెకు ముద్ద దిగలేదు.