నడుమ తాడు

నా చిన్నప్పుడు ఫిల్మ్ నగర్‌లో మా మేనత్తని చూసి నవ్వని ఇల్లు లేదు. ఉన్నది గుట్ట మీద, కొన్నది పడవ! అదీ లోపల గది, పైన స్టీరింగు ఉన్న తెల్లటి మోటారు యాట్. హుస్సేన్ సాగర్‌లో ఉంచి షూటింగులకి అద్దెకివ్వాలని ఆవిడ పంతం. "గుట్ట మీదుండి పడవ కొన్నవేందక్కా?" అని ఎదురింటాయన ఆటపట్టిస్తే నవ్వేసి ఊరుకునేది. రోజూ మా వరండా స్తంభానికి తాడు ఉచ్చు వేయడం సాధన చేసేది. అది సరిగ్గా పడిందో లేదో చెప్పడం నా పని.

మొదటి షూటింగు రోజునే పడవని గట్టుకి తాళ్ళతో కట్టే మనిషికి జ్వరమొచ్చింది. "ఒక్కరే ఎలా అండీ? హీరోయిన్‌ని ఎక్కించి గట్టుకి గుద్దితే నా పని అయిపోతుంది. వేరే పడవ పిలిపిస్తాను" అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్. ఆ అవకాశం పోతే పడవ అమ్ముకోవడమేనని ఇంట్లో అందరికీ తెలుసు. "ముందు ఒక్కదాన్నే తెచ్చి కట్టి చూపిస్తాను. పడవకి ఒక్క గీత పడినా నేనే వెళ్ళిపోతాను" అంది అత్త. నన్ను మాత్రం ఎక్కించుకుని, ఓ మూల కూర్చోబెట్టింది.

నీళ్ళలో ఓ చుట్టు తిప్పి తిరిగొచ్చేసరికి గాలి మమ్మల్ని గట్టు నుంచి దూరంగా తోస్తోంది. గట్టు మీద యూనిట్ మొత్తం చేతులు చాచింది. సెట్లు లేపీ లైట్లెత్తీ అలవాటేమో, సినిమావాళ్ళు తాడు కనిపిస్తే లాగకుండా ఉండలేరు. "ముందు తాడు విసరండి మేడం, మేం లాగేస్తాం!" అని ఒకటే కేకలు. పాపం, మంచికే. కానీ ముందు వైపు తాడుతో ముక్కు పట్టి లాగితే పడవ తోక అవతలికి తిరిగిపోతుంది, ముక్కు గట్టుకి గీసుకుంటుంది. అత్త ఎవరికీ తాడు విసరలేదు.

చీమ నడకన పడవని పక్కకి చేర్చి, గేరు తీసి, పడవ నడుముకి కట్టి ఉంచిన తాడు ఉచ్చుని గట్టు మీది ఇనుప గుంజకి తొడిగింది. మళ్ళీ స్టీరింగు దగ్గరికొచ్చి ఇంజన్ని మెల్లగా ముందుకి పెట్టింది. పడవని ముందుకి పోనివ్వకుండా నడుమ తాడు బిగిసింది. పడవ గట్టుకి ఒత్తుకుని నిలబడిపోయింది, గాలి ఎంత తోసినా కదల్లేదు. అప్పుడు కొంగు దోపుకుని, తీరిగ్గా ముందు తాడూ వెనక తాడూ కట్టుకుంది.

చాచిన చేతులన్నీ చప్పట్లు కొట్టాయి. "ఉచ్చు సరిగ్గా పడింది అత్తా!" అని నేను గొంతు చించుకున్నాను. మేనేజర్ హీరోయిన్‌ని పిలుచుకురమ్మని మనిషిని పంపాడు. ఆ రోజు ఆవిడ మేనకోడల్ని అని చెప్పుకుంటూ గట్టంతా తిరిగాను.

అత్త లేదిప్పుడు. పడవ నాది, తల నెరిసింది నాకు. ఇంట్లో ఏ గొడవ లేచినా, నలుగురూ తలో వైపు లాగకముందే నడుమ ఏది పట్టుకోవాలో చూసుకుంటాను. మొన్న కూడా గట్టు మీద ఎవరో కుర్రాడు "తాడు ఇటివ్వండి అమ్మమ్మా" అని చేతులు చాచాడు. "చేతులు దించు నాయనా, చూస్తూ ఉండు" అన్నాను. గుంజకి ఉచ్చు పడగానే, ఎవరు నవ్వుకున్నా సరే, "సరిగ్గా పడింది అత్తా" అని ఇప్పటికీ పైకే అంటాను.