మోటరు ప్రాణం

మొన్న బీదరు నుంచి ఖేడుకు వస్తుంటే బస్సులో వెనక సీటు దొరికింది. బస్సు కాస్త వేగం అందుకోగానే పాదాల కింద రేకు వణకడం మొదలై, ఆ వణుకు మోకాళ్ళ దాకా ఎక్కి, పక్కనున్నాయన చేతిలోని టిఫిను గిన్నె మూతను కూడా గలగలలాడించింది. ఆయన గిన్నెను రెండు చేతులా పట్టుకుని కునుకు తీశాడు. నేను మాత్రం, పాత అలవాటు చావక, దిగుడులో డ్రైవరు గేరు తప్పించినప్పుడు వణుకు ఆగుతుందా లేదా అని చూశాను. ఆగలేదు. అంటే ఇంజనుది కాదు. ఆ పైన చేయవలసిన లెక్క గుర్తుకు రాగానే ముఖం వేడెక్కి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. యాభై దాటినవాడు బస్సు అదురుకు సిగ్గుపడడం ఏమిటని మీరనుకోవచ్చు.

నిజాం రాజ్యం నాటి మాట ఇది. మా బావ, అంటే మా మేనత్త కొడుకు, హైదరాబాదులో ఎవరో పెద్దమనిషి వాడి విడిచిన మోటరు కారు కొనుక్కొచ్చి, ఖేడు నుంచి బీదరుకు మనుషులను తిప్పేవాడు. నడిపేది ఒక పెద్దవయసు సాయిబు. ఊరంతటికీ ఆయన చిచ్చాయే, అంటే చిన్నాయనే. నేను చదివింది తక్కువే కాని లెక్క మాత్రం ఎవరూ నేర్పకుండానే పట్టుబడింది, కంది రాసిని చూసి ఎన్ని బస్తాలవుతుందో చెప్పగలిగేవాణ్ణి, అందుకని బావ నన్ను మోటరు వెంట ఉంచుకున్నాడు. కదిలేది ఏది కనబడినా అది దేనికి ఎన్ని చుట్లు తిరుగుతుందో తేల్చుకుంటే గాని నాకు నిద్ర పట్టేది కాదు.

ఇంజను నుంచి వెనక ఇరుసు దాకా మోటరు పొట్ట కింద ఒక పొడుగాటి ఇనుప గొట్టం తిరుగుతూ ఉంటుంది, దాన్ని మేము పెద్దరాడ్డు అనేవాళ్ళం. ఒకనాడు పని లేక, చక్రానికీ ఆ రాడ్డుకూ సుద్దతో గుర్తులు పెట్టి, మోటరును మెల్లగా తోయిస్తూ కింద వంగి చూశాను. చక్రం ఒక్క చుట్టు తిరిగేలోగా రాడ్డు నాలుగు చుట్లు దాటి తిరిగింది. గడపలో కందులు చెరుగుతున్న అత్త చేట పక్కన పెట్టి వచ్చింది.

"ఏందిరా, గా ఇనుపదానికి బొట్టు వెడ్తున్నవ్? లగ్గమా ఏంది?"

"బొట్టు కాదత్తా, గిదే మోటరుకు ప్రాణం. గిది తిరుగకుంటే ఇంజను ఎంత మొత్తుకున్నా చక్రం కదలది" అన్నాను గొప్పగా. అత్త కాసేపు ఆ రాడ్డు వైపే చూసి, చేట దగ్గరికి పోయింది. మా వాళ్ళు క్రైస్తవ మిషను వచ్చిన కాలంలో బాప్తిస్మం పుచ్చుకున్న కుటుంబం. చర్చిలో ఆడవాళ్ళ పాట ఎత్తుకునేది అత్తే, ఆమె గొంతు లేచాకే మిగతా గొంతులు లేచేవి.

కొద్ది రోజులకు పాస్టరయ్య బీదరులో ఏదో సభకు పోవలసి మోటరెక్కాడు. ఊరు దాటి వేగం అందుకోగానే మోటరంతా జ్వరం వచ్చినట్టు వణికింది. మెల్లగా పోతే వణుకు లేదు, బదులుగా కింద టక్కు టక్కుమని ఏదో కొట్టుకుంటున్నది. మోటరును నిలబెట్టించి ఇంజను గట్టిగా తిప్పించాను, చప్పుడు లేదు. గేరు తప్పించి దిగుట్లో వదిలిపెట్టించాను, చప్పుడు వచ్చింది. చక్రానికి చేతిగుడ్డ కట్టి, నడక వేగంతో పోనిమ్మని, పక్కనే నడుస్తూ లెక్కపెట్టాను. గుడ్డ ఒకసారి పైకి వచ్చేలోగా నాలుగు దెబ్బలు దాటి పడుతున్నాయి. ఇంకేముంది, పెద్దరాడ్డే, వంగిపోయి ఉంటుందని అందరి ముందూ తేల్చి చెప్పాను. లెక్క కుదిరాక కిందికి వంగి చూడాలని నాకు తోచనే లేదు.

వెనక్కి మళ్ళించి ఇల్లు చేరేసరికి వాకిట్లో పదిమంది పోగయ్యారు. బావ నా మాట విని చిచ్చా మీదికి లేచాడు.

"వాగుల బండకు గుద్దినవ్ గదా? రాడ్డు ఊకెనే వంగుతదా? చాబీ ఇటియ్యి. ఇయ్యాల్టి సంది నా మోటరెక్కకు."

"ఖుదా కసం, ఏ బండకూ తాకలే. నిన్న మాపటికి మంచిగనే ఉండె. జర ఆగు, కిందికి దూరి సూస్త."

"నువ్వు ముట్టకు."

చిచ్చా చాబీ బావ చేతిలో పెట్టి నా వైపు తిరిగాడు. "లెక్క చెప్పినవ్ బిడ్డా, మంచిదే. జర కండ్లతోటి గూడ సూడు. ఈ వయసుల నాకు ఇంకో మోటరు ఎవలిస్తరు?"

నేనే మోటరు కిందికి దూరాను. రాడ్డు సూటిగానే ఉంది. దాని నడిమికి, నల్ల ఉన్ని తాడుతో, ఒక గుర్రపు నాడా, డెక్కకు కొట్టే ఇనుప లాడం, కట్టి ఉంది. మెల్లగా తిరిగినప్పుడు వదులుగా వేలాడి గొట్టాన్ని కొడుతున్నది, వేగంలో బయటికి ఎగిసి మోటరునంతా ఊపుతున్నది. ఆ క్షణాన నాకు చిచ్చా గుర్తు లేడు, ఆ తాడు ఎవరిదన్న ఆలోచనా లేదు. నా లెక్క తప్పు కాలేదన్న సంతోషం ఒక్కటే. నాడా ఊడదీసి, బయటికి వచ్చి, చెయ్యెత్తి పట్టుకుని అరిచాను.

"సూసిండ్రా? పెద్దరాడ్డే అని చెప్పలే నేను!"

పాస్టరయ్య ఆ నల్లతాడు వైపు చూశాడు. చిచ్చా చూపు గడపలో ఉన్న అత్త మీద పడింది. ఏం అర్థమైందో, వెంటనే ముందుకొచ్చి, "నేనే కట్టిన, దిష్టి తగులుతదని" అన్నాడు.

"నా కోసం అబద్ధమెందుకు చిచ్చా?" అత్త గొంతు అది. "నేను కట్టిన. మొన్న సిర్గాపూరు నుంచి ఎవలో ఒకాయన వచ్చి మోటరు చుట్టు తిరిగి తిరిగి సూసిపాయె, భయమైంది. ఎద్దుకైతే మెడల కడ్తం. దీని ప్రాణం గా రాడ్డుల ఉన్నదని నా మేనల్లుడే చెప్పిండు. తెల్లారకముందే దూరి కట్టిన."

ఎవరో కిసుక్కుమన్నారు, ఇంకెవరో "పాటల పెద్దమ్మ నాడా కట్టిందట" అన్నారు, ఇక వాకిలంతా నవ్వింది. పాస్టరయ్య నవ్వలేదు, తల దించుకుని చెప్పుల వైపు చూశాడు. అది నవ్వు కంటే బరువైంది. అత్త కొంగు ముఖం మీదికి లాక్కుని లోపలికి పోయింది. నా చెయ్యి ఇంకా పైనే ఉంది.

బావ చాబీ చిచ్చాకు తిరిగి ఇచ్చాడు. ఆ రోజు మోటరు చిన్న వణుకైనా లేకుండా బీదరు చేరింది. వచ్చిన ఆదివారం అత్త చర్చిలో తలుపు పక్కన కూర్చుంది. పాట ఇంకెవరో ఎత్తుకున్నారు, సగంలో శ్రుతి తప్పింది. తరువాత పాస్టరయ్య ఇంటికి వచ్చి అడిగినా ఆమె మళ్ళీ ముందు వరుసకు పోలేదు. మోటరూ ఎక్కలేదు. కంగ్టికి చుట్టాలింటికి పోవాలన్నా ఎడ్లబండే. నేను బతిమాలితే, "నాకు బండే నయం కొడకా, దాని ప్రాణం కండ్లకు కనవడ్తది" అనేది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, అందుకే నేటికీ గుచ్చుకుంటుంది.

ఇప్పుడు ప్రతి బస్సు ముందూ నిమ్మకాయలు, మిరపకాయలు బాహాటంగా వేలాడుతున్నాయి, ఎవరికీ సిగ్గు లేదు, ఉండవలసిన పనీ లేదు. అయితే అవి బజారులో దండ కట్టి అమ్మేవి. తెల్లవారకముందే మట్టిలో పాకి, ప్రాణం ఎక్కడుందో వెతికి ముడి వేసిన చేతులు వాటి వెనక ఉండవు. అయినా నాకేం తెలుసు?

మొన్న ఖేడులో దిగేటప్పుడు, జనమంతా పోయేదాకా ఆగి, డ్రైవరు దగ్గరికి వెళ్ళి, పెద్దరాడ్డు ఒకసారి చూడమని, ఎవరూ లేనప్పుడు చూడమని, అతని చెవిలో చెప్పి వచ్చాను.