నెయ్యి అన్నదెవరు?

మా మగ్గం మీద చెయ్యి పెట్టి చెప్తున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

గద్వాలలో మాది చీరలు నేసే ఇల్లు. ఇంటింటికీ సీడీలొచ్చిన రోజులవి. నా దోస్తు మల్లేశు దగ్గర్లోని అయిజ బళ్లో డ్రాయింగ్ సారు. పేరున్న దర్శకుల పాత నలుపు తెలుపు సినిమాలు ఎక్కడెక్కడివో తెచ్చేవాడు. ఏ దేశపు భాషో... ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అందుకని సౌండు పూర్తిగా తీసేసి, మాటలు మేమే చెప్పేవాళ్లం. ముసలివాళ్లకు వాడు, పడుచువాళ్లకు నేను.

పక్షవాతంతో మాట పడిపోయిన మా నాయిన మంచం మీంచి చూసేవాడు. చప్పుడుకు ఆయన నిద్ర చెడుతుందని నేను మగ్గం ఆపేశాను. ఒక సినిమా అంటే ఆయనకు ప్రాణం. అందులో కొడుకు ఇల్లు విడిచి పోతాడు. ముసలి తండ్రి గడపలోకొచ్చి, వాడి వీపు చూస్తూ ఏదో అంటాడు. తర్వాత ఆయనా లోపలికి పోతాడు. ఖాళీ గడప... అలాగే ఉంటుంది. మనిషే లేనిచోట దర్శకుడు అంతసేపు ఏం చూపిస్తాడని నేను కొట్లాడేవాణ్ణి. పోయినవాళ్లు ఇంకా పోలేదని చూపిస్తున్నాడని మల్లేశు వాదన. ముసలాయన పెదాలు కదిలినప్పుడల్లా నాయిన పెదాలూ కదిలేవి.

చివరి వారం ఆయన నోట ఒక్క మాటే వచ్చింది. "నె... య్యి." అన్నంలో నెయ్యి వేసి పెట్టాను. మొహం తిప్పుకున్నాడు. ఇంకొంచెం వేశాను. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అలాగే పోయాడు. ఆయనకేం కావాలో తెలియలేదన్న బాధ నన్ను తినేసింది. కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం గుంటలో మళ్లీ దిగబుద్ధి కాలేదు.

ఆయన పోయిన మూడో నెలలో ఒక రాత్రి అదే సినిమా పెట్టాం. ముసలాయన మాట మాత్రం ఎవరమూ చెప్పొద్దనుకున్నాం. అది నాయినది. టీవీ వెలుగు మగ్గం దారాల మీద సన్నగా వణుకుతోంది. ఫ్యాను కిర్రు... కిర్రు...

ముసలాయన గడపలోకొచ్చాడు... నిలబడ్డాడు... పెదాలు కదిలాయి...

"ఎందుకాపినవ్ కొడుకా... నెయ్యి. ఇనబుద్ధైతుంది."

మెల్లగా. పొడి గొంతు. తెర మీద ఖాళీ గడప.

నా ఒళ్లు చల్లబడింది. కానీ లేచి ఉరకబుద్ధి కాలేదు. కలలో ఉన్నట్టు హాయిగా కూడా ఉంది.

"నువ్వంటివా?" అన్నాను.

"నేననలే. నువ్వన్నవనుకున్న," అన్నాడు మల్లేశు. "అచ్చం మీ నాయిన లెక్కనే అన్నవ్."

నేను నోరు విప్పలేదు. విప్పలేదనే అనుకుంటున్నాను.

అప్పుడు తెలిసింది. ఆయన అడిగింది అన్నంలో వేసే నెయ్యి కాదు. నన్ను నెయ్యమన్నాడు! నేనేమో గిన్నె పట్టుకుని ఆయన ముందు కూర్చున్నాను. గుంటలో దిగి, ఏడ్చుకుంటూ, మంచం వైపు చూడకుండా తెల్లారేదాకా నేశాను.

తర్వాత ఆ ఘట్టం నాలుగైదుసార్లు వేసి చూశాం. ముసలాయన పెదాలు కదిలేది ఒక్క మాటకు సరిపడేంతసేపే; మేం విన్నవి నాలుగు. అదేం మాటో ఆ భాష వచ్చినవాళ్లను అడగొచ్చు. అడగలేదు. ఆ సీడీకి ఇప్పటిదాకా సౌండు పెట్టనూ లేదు.