మెర్ల్ గాఫ్నీ మోగించిన పొడుగు గంట

గాఫ్నీలు పట్టు పడితే ఏనుగులతో లాగించినా కదలరని టార్లో క్రీక్‌లో అందరికీ తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధంలో పేరు నమోదు చేసుకోలేదని మెర్ల్ తాతకు ఊరి ఆడవాళ్లు తెల్ల ఈకలు పంపారు, పిరికివాడని చెప్పడానికి. ఆయన వాటిని దిండులో కుక్కుకుని హాయిగా నిద్రపోయాడు. ఆ తాత మనవడే లీత్, మెర్ల్ తమ్ముడు. వియత్నాం యుద్ధానికి కుర్రాళ్లను ఎంచే పుట్టినరోజుల లాటరీలో తన తేదీ వచ్చినా వెళ్లకుండా, కొండమీది పాత గొర్రెల పాకలో దాక్కున్నాడు.

తల్లి పోయాక లీత్‌ను పెంచింది మెర్లే. ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో తీగలు కలపడం ఆమె ఉద్యోగం. ఒకరోజు పొద్దున్నే పశువుల సంత నడిపే హోరీ స్ప్రౌల్ ఫోనెత్తాడు.

"మెర్ల్ పిల్లా, మెల్‌బోర్న్ నంబరొకటి కలుపు."

కలిపింది. తగిలిందో లేదో చూద్దామని ఒక్క క్షణం చెవి పెట్టింది. అవతల పోలీసులు.

"గాఫ్నీ కుర్రాడు వాళ్ల కొండమీద పాకలోనే ఉన్నాడు. మీరు రావడమే ఆలస్యం," అన్నాడు హోరీ.

పాకలో ఫోను లేదు. తన బదులు కూర్చునే మనిషిని బతిమాలి రప్పించుకుని కొండెక్కేసరికే లీత్ చేతులకు బేడీలు పడ్డాయి. ఏడాదిన్నర జైలు వేశారు. తమ్ముణ్ణి పట్టించిన ఫోను తన చేత్తోనే కలిపానన్న మంట మెర్ల్ కడుపులో ఆరలేదు. పైగా ఆ ఏప్రిల్‌లో అమరవీరుల దినం నాడు హోరీ వేదికెక్కి, "దేశం పిలిస్తే పోనివాడు మగాడే కాదు" అని గొంతు చించుకున్నాడు. మెర్ల్ పళ్లు కొరుకుతూ కూర్చుంది.

మరుసటి వేసవిలో హోరీ కొడుకు డెస్మండ్ తేదీ లాటరీలో వచ్చింది. హోరీ ఒక డాక్టరుకు ఫోను కలపమన్నాడు. ఈసారి మెర్ల్ కావాలనే విన్నది.

"మావాడి గుండె బలహీనమని రాసిపెట్టండి డాక్టర్. మీ రుణం ఉంచుకోను."

అడవికి నిప్పంటుకుంటే ఫోన్లన్నీ ఒకేసారి ఆగకుండా మోగించి ఊరందరినీ లేపే పొడుగు గంట ఒకటుంది. మెర్ల్ అది మోగించింది. వాగు వెంబడి పొలాల వాళ్లంతా హడలిపోయి ఫోన్లెత్తారు. ఆ తీగలన్నీ హోరీ తీగకు కలిపేసింది.

"పరీక్షకు తీసుకురావాలా, ఊరికే రాసిస్తారా?" అని హోరీ బేరమాడుతున్నాడు.

ఉన్నట్టుండి పాల డెయిరీ ముసలామె ఎల్సీ గొంతు ఖంగుమంది. "ఒరే హోరీ! మొన్న శనివారం సెంచరీ కొట్టినప్పుడు మీవాడు గుండె ఎక్కడ పెట్టొచ్చాడ్రా?"

నవ్వులు ఊరంతా పాకాయి. మెర్ల్ ఉద్యోగం ఆ వారమే ఊడింది. "ఇంకో ఉద్యోగముంటే అదీ ఇచ్చేసేదాన్ని," అంది. హోరీ మళ్లీ వేదికెక్కలేదు. ఎక్కబోతే ఎవరో ఒకరు ఛాతీ పట్టుకుని దగ్గేవారు.

కానీ డెస్మండ్ ఆ నవ్వులు భరించలేకపోయాడు. తండ్రికి చెప్పకుండా వెళ్లి సైన్యంలో చేరాడు. మందుపాతర మీద అడుగుపడి, ఎడమకాలు మోకాలిదాకా పోగొట్టుకుని తిరిగొచ్చాడు.

జైలునుంచి వచ్చిన లీత్ అతణ్ణి బజారులో కర్రల మీద చూశాడు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"అక్కా, ఎవర్నీ చంపనని, ఎవడూ పోకూడదని నేను జైల్లో కూర్చున్నా. నువ్వు ఇక్కణ్నుంచి ఒకణ్ణి పంపించావు."

"నేను పంపలేదు. వాళ్ల నాన్న తిన్న గడ్డే పంపింది."

"ఆ మాట డెస్ కళ్లలోకి చూస్తూ చెప్పు."

లీత్ టాస్మేనియా దీవిలో ఆపిల్ తోటల పనికి వెళ్లిపోయాడు. పండగలకు కార్డు ముక్క వచ్చేది, అంతే.

ముసలితనంలో ఎవరైనా కదిలిస్తే మెర్ల్ ఒకటే అనేది. "డెస్ కాలు తలుచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదు. కానీ ఆ పూట హోరీ గొంతులో తడారిపోవడం విన్నాను చూడు, అది మళ్లీ వినాలనిపిస్తుంది."