పెదవి కదపని చదువు

ఊళ్లో ఆమెను ఎదురుగా టీచరమ్మ అనేవారు, వెనక మైకు టీచరు అనేవారు. ఆ మైకు ఆమె సరదాకి తెచ్చుకున్నది కాదు. బడి గోడకు ఆనుకునే పిండి మర ఉంది. బడి గంట కొట్టే వేళకు దాని బెల్టు తిరగడం మొదలైతే, పిల్లలు ఇళ్లకు పోయాక గాని ఆగదు. ఆ మోత మీదుగా ఒకే గదిలో ఐదు తరగతులకు వినపడాలంటే మామూలు గొంతు ఏ మూలకు! ఇంటికెళ్లినా ఆ గొంతు తగ్గేది కాదు. కూర చాలా అని ఆమె తనని అడిగితే పక్కింటివాళ్లు చాలంటున్నారని భర్త వేళాకోళం చేసేవాడు.

ఆమె చదువుకున్నదీ ఆ గదిలోనే. అందుకే ఆమెకు ఒక్కటే పద్ధతి తెలుసు. టీచరు ఒక ముక్క అరవాలి, పిల్లలంతా కలిసి తిరిగి అరవాలి. పుస్తకం చేతికిస్తే ఎవరికి వాళ్లు గొణుక్కుంటూ చదువుకోవాలి. ఆ పిల్లలకు చదవడమంటే నోరు ఆడించడమే. కళ్లతో చదవడం ఒకటుందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సిన మనిషే దగ్గు మందు సీసా మీది పేరును కూడా పెదవులు ఆడిస్తూ చదివేది.

ఒక ఏడాది ఐదో తరగతి పరీక్ష నాడు మర ఆయన పెద్ద ఉపకారం చేశాడు. పిల్లలు ప్రశాంతంగా రాసుకుంటారని ఆ పూట మర కట్టేశాడు. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో ప్రతి గొణుగుడూ పైకి వినపడింది. బయటి నుంచి వచ్చిన అధికారి, పిల్లలు ఒకరికొకరు జవాబులు అందించుకుంటున్నారనుకున్నాడు. నోళ్లు మూసుకుని రాయమని బల్ల మీద కొట్టాడు. నోళ్లు మూతబడ్డాయి, వాటితోపాటే చదువూ మూతబడింది. ప్రశ్న ఏమిటో తెలియక సగం మంది ఖాళీ కాగితాలిచ్చారు. నోరు ఆపుకోలేని వాళ్లవి కాపీ కింద లాక్కున్నారు.

మర్నాడు టీచరమ్మ అవే ప్రశ్నలు మర నడుస్తుండగా ఇచ్చి చూసింది. పిల్లలు గొణుక్కుంటూ చక్కగా రాశారు. ఆమె తల పట్టుకుని కూర్చుంది.

తర్వాత అధికారులు కారణాలు వెతకడానికి వచ్చారు. తల్లిదండ్రులకు చదువు లేదన్నారు, పిల్లలు పొలం పనులకు పోతున్నారన్నారు, అన్ని తరగతులకూ ఒక్కరే టీచరన్నారు. అవన్నీ నిజాలే, కాదనడానికి లేదు. మర మోత కూడా ఓ కారణమని తేల్చి, ఈసారి పరీక్ష నాడు మర నడిస్తే ఊరుకునేది లేదన్నారు. మోత ఆగబట్టే పరీక్ష పోయిందని ఆమె చెప్పబోతే నవ్వి కారెక్కారు. ఒళ్లు మండదా మరి! పోతూ పోతూ ఇంకో మాట చెప్పారు. వచ్చే ఏడూ ఇలాగే అయితే బడి ఎత్తేసి, పెద్ద రోడ్డు అవతలి బడిలో కలిపేస్తారట. లారీలు తిరిగే ఆ రోడ్డు దాటించి చిన్నపిల్లల్ని పంపే ఇల్లు ఆ ఊళ్లో ఒక్కటీ లేదు. బడి పోతే ఆ పిల్లలకు చదువు పోయినట్టే.

ఆమె మర ఆయన దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్, రోజూ మధ్యాహ్నం కాసేపు మర ఆపుతావా?"

"బేరాలొచ్చేదే అప్పుడు కదమ్మాయ్. పరీక్ష రోజు ఎలాగూ ఆపుతున్నాగా."

"ఆ ఒక్కరోజే ఆపితే పిల్లలు మళ్లీ బిక్కచచ్చిపోతారు. ఈసారి నీ మనవరాలూ రాస్తోంది."

ఆయన కనుబొమల మీది పిండి తుడుచుకున్నాడు. మర్నాడు అన్నాల వేళ దాటగానే మర ఆగింది. డబ్బాలు పట్టుకుని నిలబడ్డవాళ్ల మీద మాత్రం కాసేపు విసుక్కున్నాడు.

నోరు కదపకుండా చదవండని ఆమె అరిచింది. మోత లేని గదిలో తన అరుపుకి తనే ఉలిక్కిపడింది. పెదవుల మధ్య పెన్సిలు పెట్టుకుని చదవమంటే, పెన్సిళ్ల మీద పంటిగాట్లు పడ్డాయి గాని పేజీ తిరగలేదు. మర ఆయన మనవరాలు రెండు వేళ్లతో పెదవులు పట్టుకుని కాసేపు చూసి, చెయ్యి తీసేసింది.

"నోరు మూస్తే అక్షరాలు వినపడట్లేదు టీచర్."

 ఆ సాయంత్రం టీచరమ్మ ఇంటికెళ్లి తనూ పెన్సిలు పెట్టుకుని కూర్చుంది. పెళ్లయ్యాక ఇంట్లో ఇంత ప్రశాంతత ఇదే మొదలని, రోజూ చదువుకోమని భర్త ఆమెను ప్రోత్సహించాడు. కొన్నాళ్లకు ఆమె పెదవులు ఆగాయి. ఎలా ఆగాయో పట్టుకుని పిల్లలకు చెప్పింది. నేను బోర్డు దగ్గర అరుస్తానే, అలా మీ బుర్ర లోపల అరవండి, నోటిదాకా రానివ్వకండి అంది. మెల్లగా గొణుగుడు తగ్గింది. అయితే ఇంకో దిగులు పట్టుకుంది. నోరు కదపని పిల్ల చదువుతోందో, ఊరికే చూస్తోందో తెలిసేదెలా? ఏం చదివారని అడిగితే అందరూ కలిసి పాత పాఠం గడగడా అప్పజెప్పేసేవారు.

పరీక్ష రోజు వచ్చింది. కిందటిసారి అధికారే వచ్చాడు. ఆమెను లోపలికి రానివ్వలేదు. ఆగిన మర ముందు చెక్కబల్ల మీద మర ఆయన పక్కన కూర్చుంది. గదిలోంచి చిన్న చప్పుడు కూడా లేదు. ఇంత నిశ్శబ్దంగా ఉన్నారేంటని ఆయన అడిగాడు. అదే తనకూ భయంగా ఉందని ఆమె అంది. 

ఉన్నట్టుండి లోపల ఎవరో కిసుక్కున నవ్వారు.

మర ఆయన లేచి నిలబడ్డాడు. అది తన మనవరాలి నవ్వే. పేపరు లాగేస్తారని బడి గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు. లోపల కుర్చీ జరిగింది. ఎందుకు నవ్వుతున్నావని అధికారి గద్దించాడు.

"పేపర్లో కథ అండీ. కొత్త గొడుగు తడుస్తుందని ఒకాయన వానలో దాన్ని చొక్కా లోపల దాచుకున్నాడండీ."

ఆ కథ వాళ్లు చదివిన ఏ పాఠంలోనూ లేదు. ఎవరూ వాళ్లకు అరిచి చెప్పలేదు.  అధికారి మళ్లీ కుర్చీలో కూర్చున్న చప్పుడైంది. తర్వాత కిటికీ పక్క నుంచి ఇంకో నవ్వు, బాగా ఆలస్యంగా వెనక వరస నుంచి మరొకటి. ఫలితాలొచ్చి బడి నిలవడం తర్వాతి మాట. ఆమెకు మాత్రం అక్కడే తెలిసిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"అందరూ కలిసి నవ్వట్లేదేంటమ్మాయ్? ఒక్కొక్కళ్లే నవ్వుతున్నారు," అన్నాడు మర ఆయన.

"ఒక్కొక్కళ్లే చదువుతున్నారు బాబాయ్," అంది.

ఆయనకు సరిగా వినపడక, ఏమన్నావని మళ్లీ అడిగాడు. ఇన్నేళ్లలో ఆమెను మాట మళ్లీ చెప్పమని అడగడం ఆయనకు అదే మొదటిసారి.